తాళం వేసిన ఇంట్లో తగ్గిన గోలీలు

నేను దయ్యాలను నమ్మను. మా ఊళ్లో ఎవరైనా అలాంటి మాటలు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాడిని. ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా ఈ ఒక్క సంగతి ఇన్నేళ్లుగా నాతోనే ఉండిపోయింది. పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

తొంభైల చివర్లో అశోక్ నగర్‌లో సర్కారు ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటూ చిక్కడపల్లిలో ఒక గదిలో కిరాయికి ఉండేవాడిని. ఇంటి ఓనరు విశ్వనాథం గారు, రిటైరైన లెక్కల టీచరు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కింద ఆయన, పైన నేను. పొద్దున ఎదురుపడితే "చదువుతున్నవా?" అనేవారు. "చదువుతున్న సార్" అనేవాడిని. చాలాసార్లు ఆ రోజు మొత్తానికి మా ఇద్దరికీ అదే మాట.

ఆయనకు గుండె జబ్బు. కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ ఒక గోలీ వేసుకునేవారు. వేళ్లు వణకడం వల్ల గోలీల పట్టీ మీది రేకును ఇంకు పెన్ను మొనతో పొడిచి తీసేవారు. ఖాళీ అయిన ప్రతి గుంటలోనూ నీలి మచ్చ ఉండేది.

ఆ వానాకాలం ఆయన కాలికి మేకు గుచ్చుకుంది. పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దెక్కినా పాలప్యాకెట్ గుమ్మం ముందే ఉంటే తలుపు నెట్టి చూశాను. ఒళ్లు కాలిపోతోంది. నన్ను గుర్తుపట్టలేదు. ఆటోలో నారాయణగూడలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. పుండు చీము పట్టి, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. సాయంత్రానికి నోట్లో గొట్టం వేసి ఊపిరి మిషన్ మీద పెట్టారు.

ఆయన వాడే మందులేవో చూపించమంటే ఆ పట్టీ తెచ్చి ఇచ్చాను.

"ఇది ఆపేద్దాం. లివర్ మీద భారం పడ్తది. గీ ఇన్ఫెక్షన్‌కు దీనితోని పనిలేదు" అన్నాడు డాక్టరు. నేను ఆయనకు ఏమవుతానని అడిగాడు. కిరాయికి ఉంటానని చెప్పాను.

"దగ్గరోళ్లు ఎవరన్న ఉంటే పిలిపియ్."

పిలవడానికి ఎవరూ లేరు.

పట్టీలో తొమ్మిది గోలీలు ఉన్నాయి. డాక్టరు ఎదుటే లెక్కపెట్టాను. ఇంటికొచ్చి సార్ బల్ల మీద పెట్టి కింది ఇంటికి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

రోజూ మధ్యాహ్నం స్నానానికి వచ్చినప్పుడు కింది ఇల్లు తెరిచి చూసేవాడిని. మరునాడు ఎనిమిదే ఉన్నాయి. నేనే తప్పు లెక్కపెట్టాననుకున్నాను. ఆ పై రోజు ఏడు. కొత్తగా ఖాళీ అయిన గుంటను తాకితే నా వేలికి నీలి సిరా అంటింది.

పట్టీని పైకి తీసుకెళ్లి నా ట్రంకు పెట్టెలో పెట్టి దానికీ తాళం వేశాను. మరునాడు తాళం వేసినట్టే ఉంది. లోపల ఆరు గోలీలు.

ఎవరికి చెప్పను? వార్డు బయట బెంచీ మీద ఒక్కడినే కూర్చునేవాడిని. సార్ పక్క మంచంలో ఆయనకంటే చిన్నవాడు, అదే జబ్బుతో వచ్చినవాడు, ఐదో రోజు చనిపోయాడు. సార్ బతికారు. పట్టీ పూర్తిగా ఖాళీ అయిన రోజే గొట్టం తీశారు.

మరో రెండు రోజులకు గొంతు పెగిలింది.

"గోలీలు అయిపోయినయ్ బిడ్డా. ఇంకో పట్టీ తే."

"ఎవరు చెప్పిన్రు సార్?"

"చెప్పుడేంది? రోజు ఇంటికి పోయి వేసుకుంటున్న కద." నా ముఖంలోకి చూశారు. "నువ్వు ఆనాడు మెట్ల మీద కూసొని ఏడ్చినవ్. పిల్చిన. పలకలే."

నిజమే. ఆయన ఆసుపత్రిలో చేరిన మూడో రోజు నా పరీక్ష ఫలితాలు వచ్చాయి. నాలుగోసారి రాశాను. చాయ్ బండి దగ్గర పేపర్లో వెతికితే నా నంబరు లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి మెట్ల మీద ఏడ్చాను. ఇంట్లో ఎవరూ లేరన్న ధైర్యంతోనే ఏడ్చాను.

సార్ మరో మూడేళ్లు బతికారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత నారాయణగూడ మార్కెట్‌లో ఆ డాక్టరు కనిపించాడు. సార్ సంగతి గుర్తుచేసి ఆ గోలీ గురించి అడిగాను.

"అప్పుడు ఆపమన్న. ఇప్పుడైతే జర ఆలోచిస్త" అన్నాడు. "ఇసొంటి ఇన్ఫెక్షన్లల్ల అది మంచి చేస్తదని కొందరంటరు. ఏం ఫరక్ ఉండదని కొందరంటరు. నాకైతే తెల్వదు."

"సార్ ఆపకుండ వేసుకొని ఉంటే?"

డాక్టరు నవ్వాడు. "ఎట్ల వేసుకుంటడు? మేం ఇయ్యలే, నోట్ల గొట్టం ఉండె కద."

ఆ గోలీలే బతికించాయో లేదో డాక్టరుకే తెలియదు. అవి ఎలా తగ్గాయో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద నన్ను సార్ నిజంగానే పిలిచి ఉంటే, నాకెందుకు వినపడలేదో అది అసలే తెలియదు.