కంప్యూటర్ మెడలో బంతిపూల దండ

ఫిల్మ్ నగర్‌లో మా గ్రాఫిక్స్ ఆఫీసుకి కొత్త లినక్స్ కంప్యూటర్ వచ్చింది. నిన్న పూజ చేసి, కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టాం. ఇవాళ పొద్దుటి నుంచి అది కాసేపు నడవడం, దానంతటదే ఆగిపోవడం. సాయంత్రానికి ట్రైలర్ ఇచ్చి తీరాలి.

మేనేజర్ సత్యంగారు "దిష్టి తగిలిందండీ, నిమ్మకాయ కడదాం" అన్నారు. నేను స్క్రీన్ మీద టెర్మినల్ తెరిచి, కమాండ్ కొట్టి లోపలి వేడి ఎంతుందో చూశాను. కాఫీ కాచుకోవచ్చు. కంప్యూటర్ వెనక్కి తొంగి చూస్తే, నిన్నటి పూజలో సత్యంగారు వేసిన బంతిపూల దండ వేడిగాలి బయటికొచ్చే జాలీని కప్పేసి, ఉడికిపోయి ఉంది.

"పూజలో వేసిన దండండీ, తీయకూడదేమో."

"ఉక్కపోత దేవుడికి లేకపోవచ్చు సత్యంగారూ, దీనికి ఉంది."

దండ తీసేసి, ఫ్యానులో ఇరుక్కున్న రేకులన్నీ లాగేశాను. ఆ తర్వాత ట్రైలర్ ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తయింది. ఆ సంతోషంలో సత్యంగారు వెంటనే ఇంకో దండ తెప్పించారు. నేను చేతులు చాపి కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాను. ఆయన నవ్వి, దాన్ని నా మెడలో వేసేశారు.

తీస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారని దండతోనే ఆటో ఎక్కాను. డ్రైవర్ అద్దంలో చూసి, "ఏందన్నా, లగ్గమైందా?" అన్నాడు.

"లేదు భాయ్, కంప్యూటర్ బాగైంది."

మోతీనగర్‌లో మా ఇంటి దాకా అద్దంలో నన్నే చూస్తూ నడిపాడు.

మీ ఆఫీసుల్లో కంప్యూటర్ పూజకి దండ ఎక్కడ వేస్తారో కాస్త చెప్పండి. సోమవారం మాకు ఇంకో రెండు కంప్యూటర్లు వస్తున్నాయి. నాకున్నది ఒకటే మెడ.