పెద్దమ్మ కొండచెట్టు

శ్రావణమాసం మొదట్లో ధవళేశ్వరం నుంచి కాలువ పడవ మీద వచ్చిన మనిషి మా కాకినాడ ఇంటి ముందు నిలబడి, "పెద్దమ్మగారు పోయారండి" అన్నాడు. చావుకబురు తెచ్చినవాడు కదా, గుమ్మం దాటలేదు. వెళ్లబోతూ మళ్లీ వెనక్కి తిరిగి, "ఆ కొండచెట్టు విరగకాసిందండి, మీరొచ్చి చూడాలి" అన్నాడు. నాకు ఏడుపు ఆ రెండో మాటకు వచ్చింది. ఒక చెట్టు కాస్తే ఏడవడం ఏమిటని మీరు అడగవచ్చు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆవిడ మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. చదువు పేరుతో నన్ను ధవళేశ్వరం తీసుకెళ్లి తన ఇంట్లోనే పెంచింది. మా పెదనాన్నగారు కాలువల శాఖలో ఓవర్సీరు. నేను ఆ ఇంటికి వెళ్లకముందే ఆయన్ను మన్యానికి వేశారట. అక్కడి జ్వరాలకు భయపడి ఎవరూ ఆడవాళ్లను వెంట తీసుకెళ్లేవారు కాదు. ఆ కార్తీకంలో ఒక కూలి మనిషి, వేళ్లకు మట్టిముద్ద కట్టి, గోనెలో చుట్టిన మొక్కనొకదాన్ని తెచ్చి పెద్దమ్మ ముందు దించాడు. "ఎర్రటి కాయలు గుత్తులు గుత్తులుగా కాస్తుందండి. ఇది కాసేనాటికి వచ్చేస్తానని అయ్యగారు చెప్పమన్నారండి" అన్నాడు. మొక్క వేరూనకముందే మన్యం జ్వరంతో ఆయన పోయారు. దహనం అక్కడే చేసేశారు. పెద్దమ్మకు ఆయన కడసారి చూపు కూడా దక్కలేదు.

ఆ మొక్కను మన్యంలో దొరలు బంగళాల ముందు అందానికి వేసుకుంటారట. వాళ్లు దాన్ని వైబర్నం అంటారని పెదనాన్నగారు చెప్పి పంపారు. మా వీధిలో ఎవరి నాలుకా అలా తిరగక, అది కొండచెట్టయింది. చల్లటి కొండల మీద పెరిగేదాన్ని మా లంకమట్టిలో బతికించడమంటే మాటలా! నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయని గోదావరి ఇసుక మోయించి, దిబ్బలా పోయించి, దాని మీద నాటింది. ఎండాకాలం పడమటి గాలికి తాటాకు దడి కట్టేది. మొదలు చుట్టూ కొబ్బరి పీచు పరిచేది. వేసవిలో కాలువలు కట్టేస్తే, బావి అడుక్కి పోయినా సరే, దాని వాటా నీళ్లు దానికి పోసేది. నీళ్లు పోసేటప్పుడు నేను కబుర్లు మొదలుపెడితే, "ఆగరా, మాట్లాడుతూ పోస్తే ఎన్ని పోశామో తెలీదు. తాగే నోరు దానిది, వాగే నోరు నీది" అనేది.

పెద్దమ్మ చేతి మల్లెలంటే ధవళేశ్వరంలో తెలియనివారు లేరు. మాఘం రాగానే మల్లెపొదలకు నీళ్లు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేది. చైత్రానికి పొదలు తెల్లబడేవి. తాను పెట్టుకునేది లేదు కదా, వీధిలో ఆడపిల్లలందరికీ పంచేది. ఒక్క పువ్వు మిగిలినా ఆవిడకు నచ్చేది కాదు. ఆ మల్లెలతో పాటే, ఆ కత్తితోనే, కొండచెట్టునూ కత్తిరించేది. చిత్రమేమిటంటే కత్తిరించినకొద్దీ అది గుబురుగా చిగిర్చేదే తప్ప ఒక్క పూతా వేసేది కాదు. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి నవ్వేది.

"ఏంటి వదినా, కొండచెట్టుకి కూడా మల్లెల వైద్యమేనా? ఒక్క ఏడు దాని మానాన దాన్ని వదిలి చూడరాదూ!"

"నాకు వచ్చిన వైద్యం అదొక్కటేనమ్మా" అనేది పెద్దమ్మ. కత్తి ఆపేది కాదు.

నేనూ అందరిలాగే అనుకున్నాను. మల్లె తప్ప మరో మొక్క తెలియని మనిషి, పాపం, తెలియక కోసేస్తోంది అనుకున్నాను. ఒక ఏడు వేసవిలో బావి వెనక బంతి పడితే తీసుకోవడానికి వంగి చూద్దును కదా, గోడకు ఆనుకుని కత్తికి అందకుండా పోయిన ఒక కొమ్మ కనిపించింది. దాని చివర వాడిపోయిన తెల్లపూత, పూత మధ్య మినపగింజలంత పచ్చటి పిందెలు. నా కేకకు ఇల్లు దద్దరిల్లింది. పెద్దమ్మ మల్లెల బుట్ట కింద పెట్టి వచ్చింది. పిందెలను ఒక వేలితో తాకింది. మురిసిపోతోందనుకున్నాను. లోపలికి వెళ్లి కత్తి తెచ్చింది.

"పెద్దమ్మా! కాయలే అవి!"

"చూశానురా" అంది. కొమ్మను మొదలంటా కోసేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ దీనికోసమేగా నీళ్లు మోశావు! నీకేమైనా మతిపోయిందా?" అని అరిచాను. ఇంకొకరైతే చెంప పగలగొట్టేవారు. ఆవిడ కోసిన కొమ్మను ఒళ్లో పెట్టుకుని బావి గట్టు మీద కూర్చుంది.

"కాస్తే ఆయన రావాలి కదరా నాయనా. రారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయన బతికున్నన్నాళ్లూ నాతో ఒక్క అబద్ధం ఆడి ఎరగరు. పోయాక ఈ చెట్టు చేత ఆడించమంటావా?"

ఆ తర్వాత నేనెప్పుడూ ఆ ప్రసక్తి తేలేదు. కానీ ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒక చేత్తో నీళ్లు పోసి బతికించడం, ఇంకో చేత్తో కాయకుండా కోయడం. అది ప్రేమా, మొండితనమా, తన్ను తాను కాల్చుకోవడమా? ఒక్కోసారి పెదనాన్నగారి మీద కోపం వచ్చేది. అంత చిన్న మాట అంత తేలిగ్గా కూలి మనిషి చేత చెప్పి పంపుతారా ఎవరైనా! పిన్నిగారు మల్లెల వైద్యమని నవ్వినప్పుడల్లా నేను తల దించుకుని లోపలికి పోయేవాణ్ని.

మొన్న మాఘంలో కాకినాడ నుంచి వెళ్లేసరికి పెద్దమ్మ మనిషి సగమైపోయింది. ఆయాసం. నడవలేదు. పెరటి వసారాలో మంచం వేయించుకుని, కత్తి నాకిచ్చి, మల్లెలు నాచేత కత్తిరింపించింది. "తడబడకు, తడబడితే కొమ్మ నలుగుతుంది" అని మంచం మీంచే గదమాయించింది. మల్లెలు అయ్యాయి. అలవాటే కదా, కొండచెట్టు దగ్గరికి వెళ్లి కొమ్మ పట్టుకున్నాను.

"దాన్ని వదిలెయ్యి ఈ ఏటికి."

వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ నా వైపు కాదు, చెట్టు వైపు చూస్తోంది.

"కాస్తుంది పెద్దమ్మా" అన్నాను.

"కాయనీ" అంది.

నాకు భయమేసింది. కత్తి కడిగి గూట్లో పెట్టేశాను. ఎందుకని అడగలేదు. అడిగితే ఏమి చెబుతుందో నాకు తెలుసు, వినే ధైర్యం లేదు.

కబురు అంది, పడవ పట్టుకుని నేను చేరేసరికి అంతా అయిపోయింది. పిన్నిగారే దగ్గరుండి చూసుకుంది. చెప్పుకుని ఏడ్చింది. ఆషాఢం వెళ్తుండగా కాయలకు రంగు తిరిగిందట. ఆ పొద్దున్నే పెద్దమ్మ మొహం కడిగించుకుని, ఉతికిన చీర కట్టబెట్టమందట.

"దొడ్డి తలుపు గడియ తీసి ఉంచమ్మా అంది. ఎవరొస్తారు వదినా, గేదెలొస్తాయి గానీ అన్నాను. నవ్వింది నాయనా! గేదెలొస్తే తోలుదువుగాని, తలుపు మాత్రం వెయ్యకు అంది. రోజూ ఆ తలుపు వంకే చూసేది. పోయినప్పుడూ మొహం అటే ఉంది."

ఆవిడ ఎదురు చూసి చూసి పోయిందా, ఎవరినో చూసి పోయిందా? పిన్నిగారికి తెలియదు. నాకూ తెలియదు. ఇన్నేళ్లు ఆయన మాట కాపాడిన మనిషికి చివర్లో అయినా ఆ మాట దక్కిందని నమ్మాలని ఉంది. నమ్మకం మాత్రం నిలవడం లేదు.

కర్మలు అయిపోయి, అందరూ వెళ్లాక, సామాను సర్దుకుని పెరట్లోకి వెళ్లాను. జల్లు పడి వెలిసింది. కొండచెట్టు నిండా ఎర్రటి గుత్తులు, ఆ బరువుకు కొమ్మలు దొడ్డి దారి మీదికి వంగాయి. పిట్టలు వాలి తింటున్నాయి. ఇల్లు తాళం పెట్టి పోవాలి కదా, దొడ్డి తలుపు దగ్గరికి వెళ్లి గడియ మీద చెయ్యి వేశాను. పడవకు వేళయిందని వీధిలోంచి పిన్నిగారు కేకేసింది. ఒంగిన కొమ్మ కింద నుంచి తల వంచుకుని వచ్చేశాను. వీధి తలుపుకు తాళం వేశాను. దొడ్డి తలుపు గడియ తీసే ఉంది.