మా ఇంటి ముత్యాల గర్భం

మూడో నెలకే నా పొట్ట ఐదో నెల పొట్టంత అయింది. మా అత్త దాన్ని చూసి కవలలని తేల్చేసింది. స్కాన్ లేదు, డాక్టర్ లేదు, కళ్లతోనే కొలత. వేప్పనపల్లి పక్కన మా ఊళ్లో మామిడితోటకు కాపలా కాస్తూ, కనిపించినవాళ్లందరికీ “మా కోడలికి ఇద్దరు” అని చెప్పేసింది. నేనేమో పొద్దున లేచింది మొదలు వాంతులతో బకెట్టును కావలించుకుని కూర్చునేదాన్ని. అన్ని వాంతులైతే మగపిల్లలేనట. ఇద్దరూ.

మేం కృష్ణగిరిలో ఉండేవాళ్లం. మా ఆయన బర్గూరు దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు కోసే మిషన్ నడుపుతాడు. నేను రోజూ కంపెనీ బస్సులో హోసూరు వెళ్లి, బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ చేస్తాను. సరిగ్గా రాని ముక్కను ఏరి ఎర్ర డబ్బాలో వెయ్యడం నా పని. ఎందుకు సరిగ్గా రాలేదో కనుక్కోవడం వేరేవాళ్ల పని.

ఒకరోజు డ్యూటీలో ఉండగానే రక్తం కనిపించింది. హోసూరులోనే ఒక స్కాన్ సెంటరుకు వెళ్లాను. మా ఆయన క్వారీ నుంచి, అత్త ఊరి నుంచి వచ్చేశారు. స్కాన్ చేసే అమ్మాయి నా పొట్ట మీద జెల్ రాసి, తెర వైపు రెండుసార్లు చూసింది. లోపలికి వెళ్లి పెద్ద డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. నేను కూడా తల తిప్పి తెర చూశాను. బిడ్డ లాంటిది ఏమీ లేదు. టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించే చుక్కల్లాగా ఉంది, అంతే.

ఆ డాక్టరమ్మ తమిళంలో “ముత్తుపిళ్ళై” అంది. మా ముఖాలు చూసి తెలుగులో చెప్పింది. “ముత్యాల గర్భం.”

మా అత్త ముఖం వెలిగిపోయింది. “ముత్యాలంటే మంచిదే కదమ్మా?”

“మంచిది కాదమ్మా. లోపల బిడ్డ లేదు. బిడ్డకు అన్నం పెట్టాల్సిన మావి ఉంటుంది చూడండి, అది బిడ్డ లేకుండానే ద్రాక్ష గుత్తి మాదిరి నీటిబుడ్డలుగా పెరిగిపోయింది. అంతా తీసెయ్యాల. అట్లే వదిలేస్తే ప్రమాదం.”

“కవలలు?”

“ఒక్కరు కూడా లేరమ్మా.”

కృష్ణగిరిలో ఒక ఆసుపత్రిలో మత్తిచ్చి అంతా తీసేశారు. మెలకువ వచ్చాక ఏడవాలనిపించింది. కానీ ఎవరి కోసం ఏడవాలో అర్థం కాలేదు. పోయినవాళ్లెవరూ లేరు. అసలు రాలేదు. మూడు నెలలుగా నేను చెయ్యి వేసి మాట్లాడింది నీటిబుడ్డలతో. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చి, కుట్లు లేకపోయినా కుట్లు తెగినంత నొప్పిగా ఉండేది.

మా అత్తకు మాత్రం కారణం వెంటనే దొరికింది. “కంపెనీలో ఆ ఏసీ గాలి, బస్సు కుదుపు, ఆ కేంటీన్ పరోటా! నేను అప్పుడే చెప్పినాను. యాడ వింటాది ఈ పిల్ల?” పక్క మంచాల వాళ్లు తలలూపారు. వాళ్లల్లో ఒకామె చేతిలో అప్పుడు కూడా పరోటా పొట్లం ఉంది.

తీసేశాక వారం వారం రక్తపరీక్ష. గర్భం వచ్చిందో లేదో చెప్పే హార్మోను ఒకటి ఉంటుంది కదా, అది దిగాలి. కొన్ని వారాలు బుద్ధిగా దిగింది. తర్వాత మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. ఖాళీ ఇంట్లో ఎవరో లైటు వేసినట్టుంది నాకు. లోపల మిగిలిన కణాలు పెరుగుతున్నాయని, అది కేన్సర్ జాతిదేనని, అయితే దాదాపు ఎప్పుడూ మందుకు లొంగేదని కృష్ణగిరి ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. “కేన్సర్” దగ్గరే మా అత్త కారిడార్‌లో నేల మీద చతికిలబడింది. మిగతా వాక్యం మా ఆయన ఆమెకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాక, “టీ తీసుకురారా” అంది.

ఆ డాక్టరమ్మ మా వయసుదే. ఇలాంటి గర్భాల మీదే పరిశోధన చేస్తోంది. నాలోంచి తీసినదానిలో కొంచెం, నా రక్తం, మా ఆయన రక్తం ఇస్తే పరిశోధనకు పనికొస్తుందని, ఇష్టం లేకపోతే ఇవ్వనక్కర్లేదని, వైద్యం మాత్రం ఎట్లాగూ జరుగుతుందని చెప్పింది.

“వీడి రక్తమెందుకు?” అంది మా అత్త. “కడుపు దానిది కదా?”

డాక్టరమ్మ ఓపికగా కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మామూలుగా బిడ్డకు పోలికలిచ్చే జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయమ్మా. ఇట్లాంటి గర్భంలో తల్లి అండం లోపల ఖాళీగా ఉంటుంది. తండ్రి వైపు నుంచి వచ్చిందే రెండింతలై మొత్తం నిండుతుంది. ఇది అదేనా కాదా అని చూడాలంటే ఇద్దరి రక్తమూ కావాల.”

మా అత్త ముందుకు వంగింది. “అంటే దాంట్లో మా పిల్లది ఏమీ లేదా?”

“దాదాపుగా లేదమ్మా.”

“అంతా మావాడిదేనా?”

“అట్లే అనుకోండి. కానీ ఇది ఎవరి తప్పూ కాదు.”

ఆ చివరి మాట మా అత్త చెవిలోకి దూరలేదు. కొడుకు వైపు తిరిగింది. “ఏమప్పా! ఇన్నాళ్లూ ఆ పిల్లను పరోటా పరోటా అని నాతో తిట్టిస్తివే!”

“నేనెప్పుడు తిట్టమంటినమ్మా?”

“గమ్మునుండు. చెయ్యి చాపు.”

కొండలను నిలువునా కోసేవాడు సూదిని చూసి తెల్లగా పాలిపోయాడు. నర్సు స్పిరిట్‌లో ముంచిన దూది రాస్తుండగానే కళ్లు తేలేసి పక్కకు ఒరిగాడు. అతన్ని నా మంచం మీద పడుకోబెట్టారు. నేను స్టూల్ మీద కూర్చున్నాను. కొంతకాలానికి ఫలితం వచ్చింది. నూటికి నూరుపాళ్లూ మా ఆయనే. మా అత్త ఆ వార్తను కవలల వార్త కంటే వేగంగా ఊళ్లో చేరవేసింది.

ఇంజెక్షన్లు మొదలయ్యాయి. జుట్టు ఊడలేదు కానీ నోరంతా పుండ్లు. కారం తగిలితే ప్రాణం పోయేది. మా అత్త తోటను ఎవరికో అప్పగించి మా ఇంటికొచ్చి, చల్లారిన రాగిజావ, మజ్జిగ పోసిన సంగటి పెట్టేది. తిట్టడం మానలేదు. ఇప్పుడు హార్మోనును తిట్టేది. “దిగి చావదేందీ, దొంగముండ!”

నయమయ్యాక కూడా ఏడాదిపాటు గర్భం రాకూడదని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ గర్భమొస్తే హార్మోను జబ్బు వల్ల ఎక్కుతోందో బిడ్డ వల్ల ఎక్కుతోందో తెలియదు కాబట్టి.

“అయితే ఏడాది పొడుగునా మావాడు ఏం చెయ్యాల?” అని మా అత్త వార్డంతా వినిపించేలా అడిగింది.

“కాపురం చేసుకోవచ్చమ్మా. బిడ్డ మాత్రం వద్దు. దానికి మాత్రలున్నాయి.”

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి పార్కింగును శ్రద్ధగా పరిశీలించాడు.

ఎక్కిన హార్మోను దిగింది. దిగి అక్కడే ఉంది. నేను మళ్లీ హోసూరు బస్సెక్కాను. అప్పుడే డాక్టరమ్మ ఫోన్ చేసింది. అంచెట్టి వైపు కొండ ఊళ్లో పశువులు మేపుకునే ఇంటి అమ్మాయికి ఇదే జబ్బు. ఇంజెక్షన్లు మధ్యలో ఆపేసింది. “ఆ అమ్మాయి ఒప్పుకుంది, నువ్వొకసారి మాట్లాడతావా?” అంది. వెళ్తానన్నాను. మా అత్త అడగకుండానే చీర మార్చుకుంది.

బస్సు దిగి చాలా దూరం నడిచి వెళ్లాం. ఆ ఇంటివాళ్లు ఆ నీటిబుడ్డలు పాముగుడ్లని, దోషమని నమ్ముతున్నారు. మా అత్త అరుగు మీద కూర్చుని ఆ పిల్ల అత్తతో మొదలుపెట్టింది. “పాము లేదు, గీము లేదు. మాకు రక్తం తీసి చూసినారు...” నేను ఆ పిల్లతో పాక వెనక్కు వెళ్లాను. ఇరవయ్యేళ్లు కూడా ఉండవు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

“పుండ్లా?”

తలూపింది. “నీళ్లు కూడా దిగడంల్యాదక్కా. అందుకే పోవడంల్యా.”

నోరు పెద్దగా తెరిచి చూపించాను. “చూడు. నాకూ ఇట్లే ఉన్నాయి. ఇప్పుడు యాడున్నాయి?”

పళ్ల డాక్టరు లాగా తల వంచి లోపలంతా చూసింది. వేలు పెట్టబోయి ఆగింది. నాకు నవ్వొచ్చింది, తనకూ వచ్చింది, నోరు నొప్పెట్టి వెంటనే మూతి బిగించుకుంది.

“మళ్లీ బిడ్డ పుడతాదా అక్కా?”

“పుడతాదనే చెప్పినారు. నేనింకా చూడలా. నీకు అబద్ధం చెప్పను.”

కాసేపు దూడ తాడు సవరిస్తూ నిలబడింది. “పుండ్లకు మందిస్తారా, అడిగితే?”

“ఇస్తారు. నోరు మూసుకోకుండా అడుగు.”

తర్వాతి వారం ఆమె ఆసుపత్రికి వెళ్లిందని, ముందు నోరు తెరిచి చూపించాకే చెయ్యి చాపిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత ఇంజెక్షన్ల కోర్సు పూర్తి చేసింది. బాగుంది.

మాకు పెట్టిన ఏడాది గడువు అయ్యాక ఇంకో ఏడాదికి నాకు పాప పుట్టింది. ఒక్కతే. కాన్పైన ఆరు వారాలకు ఆ హార్మోనును మరోసారి చూడాలని డాక్టరమ్మ చెబితే పాపను ఎత్తుకుని వెళ్లి రక్తమిచ్చి వచ్చాను. సాయంత్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది.

“ఏమీ లేదు. అంతా మామూలే. ఇక దీనికోసం రానక్కర్లేదు.”

ఏదో మంచి మాట చెప్పాలని వెతుక్కున్నాను. ఈలోగా పాప నా ఒళ్లో వెచ్చగా పోసేసింది. “సరే మేడమ్, ఉంటాను” అని ఫోన్ పెట్టేసి, ఆరిన గుడ్డ ఎక్కడుందో చూడమని మా ఆయన్ను కేకేశాను.