కొవ్వు తీసిన పోగు

మా పెద్దమ్మ గత నెల ఒక బుధవారం మధ్యాహ్నం, గోదావరిఖనిలోని తన ఇంట్లో, భర్త అయిన మా పెద్దబాపు చేతిలో మాత్రలు పెట్టి, నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లి తిరిగి రాలేదు. మెదడులో నరం చిట్లిందని దవాఖానలో చెప్పారు. రక్తపోటు చాలాకాలంగానే ఉండి ఉంటుందని కూడా అన్నారు. ఆ ఇంట్లో రక్తపోటు చూసే యంత్రం ఒకటి ఉంది. మూడేళ్లుగా అది వారానికి రెండుసార్లు క్రమం తప్పకుండా పనిచేసింది, కానీ ఒకే ఒక్క చేతికి. ఆ చేయి పెద్దబాపుది. ఈ లోపానికి బాధ్యులైన కుటుంబసభ్యులలో ఈ వ్యాసకర్త కూడా ఒకడని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

పెద్దబాపు భూగర్భ గనిలో బొగ్గు నింపి రిటైరైన మనిషి. మూడేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేసి, కొవ్వు ముట్టవద్దని డాక్టరు ఆదేశించాడు. ఆదివారం పంది కూర లేనిదే ఆయనకు వారం ముగియదు. రెండు వారాలు సొరకాయతో సహకరించి, మూడో వారం అన్నం ముందునుంచి లేచిపోయాడు.

"కొవ్వు లేని కూర, జీతం లేని డ్యూటీ ఒక్కటే" అన్నాడు.

"డ్యూటీ దిగినవ్ గదా, ఇగ నీకు జీతం ఏంది?" అన్నది పెద్దమ్మ. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "మాన్పిస్తే దొంగతనంగ తింటడు బిడ్డా. కొవ్వు తీసి నేనే వండిపెడ్త. ఈ మనిషిని గిట్ల పోనియ్య."

నిర్ణయం తేలికే. అమలులోనే చిక్కు. ఆ వాడలో పది ఇళ్లు కలిసి ఆదివారం ఒక పందిని కోయించుకుంటాయి. కనకయ్య అనే పొరుగాయన మోదుగ ఆకులు పరిచి పది పోగులు వేస్తాడు. ప్రతి పోగులో చియ్య అనే మెత్తని మాంసం, బొక్కలు, తోలు, కార్జం, కొవ్వు సమానంగా పడాలి, ఏరుకోవడం నిషిద్ధం. సమానత్వం గురించి విశ్వవిద్యాలయంలో నేను చదివిన గ్రంథాలేవీ ఇంత నిష్ఠగా అమలు కాలేదు.

"నా పోగుల కొవ్వెయ్యకు కనకయ్యా" అన్నది పెద్దమ్మ.

"అట్ల నడువదక్కా. కొవ్వుకు బదులు చియ్య ఎవల పోగులకెల్లి తియ్యాలె?"

"బదులెవలడిగిన్రు? తక్కువే ఇయ్యి."

తక్కువ ఇవ్వడానికి కూడా నిబంధన ఒప్పుకోలేదు. కనుక ఆమె నిండు పోగు తీసుకొని, అక్కడే కూర్చొని, కొవ్వంతా కోసి పక్కింటి రాజక్క గిన్నెలో వేసి ఇంటికి వచ్చేది.

కొవ్వు పోయిన చియ్య పెద్ద మంట మీద తోలులా బిగుసుకున్నది. అప్పుడు సన్నని వేడిమీద గంటలకొద్దీ ఉడికించే స్లో కుక్కర్ నేను తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని చుట్టూ తిరిగి పరిశీలించింది.

"ఒక్క కూరకు పొద్దంత పడ్తదా? సర్కారు ఆఫీసుల తయారైందా ఏంది బిడ్డా ఇది?"

అయినా దాన్ని లొంగదీసుకున్నది. మొదటి ఆదివారం కూర నీళ్లపాలైంది. "ఇది కూరనా, దవాఖాన చారా?" అన్నాడు పెద్దబాపు. రెండోసారి ఉప్పు తగ్గించబోయి రుచే పోగొట్టింది. ఓడిన వంటను పారేయలేదు, తానే తిన్నది. "ఎసరు తప్పితే మళ్ల పెట్టుకోవాలె, పొయ్యి ఆర్పుకుంటమా?" అనేది. నాలుగో వారానికి విధానం స్థిరపడింది: నూనె చుక్క లేదు, అడుగున ఉల్లిగడ్డలు, వాటిమీద అల్లంవెల్లుల్లి, పసుపు, పచ్చిమిరప నూరి పట్టించిన చియ్య, పైన దోసెడు పుంటికూర, అంటే గోంగూర. ఆకులోని నీరే ఎసరు. పొద్దున స్విచ్ వేస్తే, మొదటి షిఫ్టు వాళ్లు ఇల్లు చేరే వేళకు తునక వేలికి విడిపోయేది. ఆ రోజు పెద్దబాపు మారు అన్నం అడిగాడు. ఆమె వడ్డించి, వంటింట్లోకి వెళ్లి కొంగుతో ముఖం తుడుచుకున్నది. నేను చూశాను.

ఆరు నెలల తర్వాత రక్తపరీక్షలో కొవ్వు పెరిగినట్లు తేలింది. ఇంట్లో కొవ్వు ప్రవేశించిన దాఖలా లేదు. పెద్దమ్మ విచారణ చేపట్టింది. తరువాతి ఆదివారం, పెద్దబాపు భోజనానికి ముందు అలవాటుగా వెళ్లే వాహ్యాళి ఎక్కడ ముగుస్తున్నదో ఆమె వెంట వెళ్లి చూసింది. అది రాజక్క వంటింట్లో, కరకరలాడేటట్లు వేయించిన కొవ్వు పళ్లెం ముందు ముగిసింది.

"అన్న అచ్చి అడిగితే లేదని ఎట్లంట వదినె? మీ ఇంటి కొవ్వే గదా!" అన్నది రాజక్క.

"నా పోగే నేను తింటున్న. దొంగతనమా?" అన్నాడు పెద్దబాపు.

చట్టప్రకారం ఆ వాదనలో తప్పు లేదు. పెద్దమ్మ ఇంటికి వచ్చింది. వారం గడిచి, మళ్లీ ఆకులు పరిచినప్పుడు, పది ఇళ్లవాళ్ల ముందు నిలబడింది.

"అన్నీ సమానం పంచుకుంటరు గదా. రేపు ఈయన పోతే, నా ఏడుపును సుత పది పోగులేసుకొని కొంటవోతరా?"

కనకయ్య కత్తి కింద పెట్టాడు. ఆ రోజునుంచి పోగుల్లో ఒకటి కొవ్వు లేకుండా పడింది. ఆ కొవ్వు మిగిలిన తొమ్మిదింటికీ సమానంగా చేరింది. తొమ్మిది ఇళ్ల తలుపులూ ఆదివారాలు పెద్దబాపుకు మర్యాదగా మూతబడ్డాయి. తరువాతి రక్తపరీక్ష చూసి డాక్టరు ఆయనను మెచ్చుకున్నాడు. ఆయన ఆ మెప్పును పెద్దమ్మకు బదిలీ చేయకుండా తనవద్దే ఉంచుకున్నాడు. ఆమె అడగలేదు.

దశదినకర్మ ముగిసిన తర్వాతి ఆదివారం పెద్దబాపు వెంట పోగులకు నేనూ వెళ్లాను. కనకయ్య ఆయన ఆకులో, బహుశా జాలితోనే, అరచేయంత కొవ్వు వేశాడు.

"ఒక్కరోజు తిను బావా. ఇగ అద్దనెటోళ్లెవలున్నరు?"

పెద్దబాపు ఆ ముక్కను తీసి కనకయ్య చేతిలో పెట్టాడు.

"ఎవల్లేరు. గందుకే నేనే అనుకోవాలె."

ఇంటికి వచ్చి వాకిట్లో పీట వేసుకున్నాడు. నేను కత్తి అందుకోబోతే వారించాడు. "నువ్వు సదువుకున్నోనివి, నీకు కొవ్వు కనబడది." కళ్లద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క తునకను వెలుతురుకెత్తి, సన్నని తెల్లదారాలను కూడా కోసి పక్కన పెడుతున్నాడు. ఇంతలో ఊరి పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. నేల కదిలి, కిటికీలు, గిన్నెలు గణగణమన్నాయి. ఆయన కత్తిని తునకమీదనుంచి ఎత్తి, గిన్నెలు కుదుటపడేదాకా గాలిలోనే పట్టుకొని ఉండి, మళ్లీ వంగాడు.