బిస్కెట్ కుబుసం

తిననని మొండికేసిన మనిషి చేత నాలుగు ముద్దలు తినిపించాలంటే దేవకుమారినే పిలవాలని ఆ వార్డులో అందరికీ తెలుసు. ఒంగోలులో నర్సుగా మొదలుపెట్టి, సముద్రాలు దాటి కాజిల్‌బార్ ఆసుపత్రికి వచ్చి ఇరవై ఏళ్లయింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని, వాళ్ల ఆవుల గురించో, వాళ్ల ఊరి వాన గురించో అడుగుతూ, మాటల మధ్య చెంచా అందిస్తూ గిన్నె ఖాళీ చేయించేది. అలాంటి మనిషిని పెన్సిలంత లావు కూడా లేని పాముపిల్ల ఒకటి మూడు నెలలు ఏడిపించింది.

ఆ పాము ఆమె కూతురు అబిగేయిల్‌ది. గాల్వేలో చదువుకుంటూ పెంచుకుంటోంది. విషం లేని జాతి, నారింజ రంగు, పేరు బిస్కెట్. చదువులో భాగంగా కార్క్‌లో మూడు నెలల ప్లేస్‌మెంట్ వచ్చింది. అక్కడ దొరికిన గది లీజులో జంతువులు కూడదని రాసి ఉంది. దాంతో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చేసరికి, హాల్లో గాజు పెట్టె కూర్చుని ఉంది.

"వారానికొక్క పింకీ, మమ్మీ. దట్స్ ఇట్," అంది అబిగేయిల్.

పింకీ అంటే ఇంకా వెంట్రుకలు కూడా రాని ఎలుకపిల్ల. గడ్డకట్టించినవి ఒక ప్యాకెట్టు తెచ్చి ఫ్రీజర్‌లో బొమ్మిడాయిల పక్కన పెట్టింది. వేడినీళ్ల గిన్నెలో కవరుతో సహా ఉంచి వెచ్చబెట్టాలి, పొడుగాటి పట్టకారుతో అందించాలి, తిన్నాక రెండు రోజులు పామును ముట్టుకోకూడదు. మూలనున్న చిన్న డబ్బాలో తడి నాచు ఎప్పుడూ ఆరకూడదు. అంతా చెప్పి, కారెక్కి వెళ్లిపోయింది.

"ఏందే ఇది? ఇంట్లో పామా? రేపు ప్రార్థనకొచ్చినోళ్లకి ఏం చెప్పేది?" అన్నాడు భర్త రత్నకుమార్.

"నన్నడుగుతారేంది? మీ కూతుర్నడగండి," అంది దేవకుమారి. ప్రార్థన ఉన్న రోజుల్లో పెట్టె మీద దుప్పటి కప్పేది.

మొదటి వారం బిస్కెట్ బాగానే తింది. పట్టకారు చివర్నుంచి ఎలుకపిల్లను గబుక్కున అందుకుని మింగింది. దేవకుమారికి గర్వంగా కూడా అనిపించింది. మర్నాడు పెట్టెలో మలం కనబడింది. మలం చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. పామును తీసి గిన్నెలో పెట్టి, పెట్టె అడుగంతా తోమి, ఆరబెట్టి, మళ్లీ లోపల పెట్టింది. సాయంత్రానికి అది మింగినదంతా కక్కేసింది.

వీడియోలో అబిగేయిల్ ముఖం ఎర్రబడింది. "మమ్మీ! టూ డేస్ అని చెప్పాను కదా! నౌ యూ హావ్ టు వెయిట్. పన్నెండు రోజులు ఏమీ పెట్టొద్దు."

"పన్నెండు రోజులు పస్తు పెట్టాలంటావా పసిదాన్ని?"

"షీ ఈజ్ ఎ స్నేక్, మమ్మీ."

పన్నెండు రోజులూ ఆమెకు కడుపునిండా అన్నం తినబుద్ధి కాలేదు. పదమూడో రోజు ఉన్నవాటిలో చిన్న ఎలుకపిల్లను వెచ్చబెట్టి అందించింది. బిస్కెట్ తల తిప్పుకుంది. ఇటు పెడితే అటు, అటు పెడితే ఇటు. మర్నాడు మళ్లీ. ఆ మర్నాడు మళ్లీ. నాలుగో రోజు ఆమె వంగి దాని కళ్లు చూసింది. పాలు కలిపినట్టు నీలంగా, మసగ్గా ఉన్నాయి. ముసలివాళ్ల కళ్లలో శుక్లం అలాగే ఉంటుంది.

ఫోన్ చేస్తే అబిగేయిల్ నవ్వింది. "కుబుసం విడవబోతోంది, అంతే. కళ్లు కనబడవు, అందుకే తినదు. జస్ట్ లీవ్ హర్ అలోన్."

విడిచిపెట్టడమే ఆమెకు రాదు. డ్యూటీకి వెళ్లేముందు మూత తీసేది, వచ్చాక తీసేది. ఒకరోజు చూస్తే తడి నాచు మీద తెల్లగా బూజు. ఈ ఊళ్లో అడుగుపెట్టినప్పటినుంచీ బూజుతో ఆమెకు యుద్ధమే. కిటికీ చట్రాల మీద, అల్మారాల వెనకాల, బూట్లలో కూడా పెరిగే బూజు. నాచు డబ్బా మొత్తం తీసి చెత్తబుట్టలో వేసింది. బయట రోజూ వాన పడుతూనే ఉంది. ఇంట్లో మాత్రం పొద్దుగూకులూ హీటింగు. పెట్టె లోపల గాలి పొడిగా ఎండిపోతోందన్న సంగతి ఆమెకు తట్టలేదు.

కుబుసం ఒక్క తొడుగులా రావాలట. బిస్కెట్‌కి ముక్కలు ముక్కలుగా ఊడింది. మెడ దగ్గర కొంత, వీపున కొంత అంటుకునే ఉంది. తోక చివర ఉంగరంలా బిగుసుకుపోయింది. దేవకుమారి గోటితో పట్టి లాగబోయింది. పాముపిల్ల ముడుచుకుపోయి తోక వెనక్కి లాక్కుంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దానిమానాన దాన్ని వదిలెయ్యరాదా?" అన్నాడు రత్నకుమార్ టీవీ చూస్తూ.

"వదిలేస్తే తోక ఊడిపోద్ది! మీకేం, కూర్చుని చెబుతారు!" అని అరిచింది. ఆ అరుపు ఆయన మీద కాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు సెలవు పెట్టి, పామును మూతకు చిల్లులున్న డబ్బాలో పెట్టుకుని, పశువుల డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్లింది. ఆ డాక్టరమ్మాయి పామును చేతిలోకి తీసుకుని తోక చూసి, "చివర నల్లబడింది. రక్తం ఆడటం లేదు. ఆ కొస రాలిపోవచ్చు. మిగతాదంతా గ్రాండ్, బాగానే ఉంది," అంది. "లాగొద్దు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన తువ్వాలు మీద అరగంట వదలండి. అదే పాకుతూ వదిలించుకుంటుంది. తడి నాచు ఉందా?"

"బూజు పట్టిందని పారేశాను."

"కొత్తది వేస్తే సరిపోయేది కదా," అంది డాక్టరు మామూలుగా.

ఇరవై ఏళ్ల సర్వీసులో ఏ డాక్టరు ముందూ అంత సిగ్గుపడలేదు దేవకుమారి.

తువ్వాలు మీద అరగంట పాకాక వీపునున్నదంతా నిజంగానే ఊడి వచ్చింది. తోక దగ్గర ఉంగరం కూడా జారింది, కానీ కొస నల్లగానే ఉండిపోయింది. కొత్త నాచు వేసింది. తర్వాతి వారం ఎలుకపిల్లను పట్టకారుతో పట్టుకుని పావుగంట నిలబడింది. లాభం లేకపోయింది. చెయ్యి లాగేసి, విసుగుతో ఎలుకపిల్లను చిన్న ప్లేటులో లోపలే పడేసి, మూత బిగించి డ్యూటీకి వెళ్లిపోయింది. వచ్చి చూస్తే ప్లేటు ఖాళీ. పాము పొట్ట దగ్గర చిన్న ఉబ్బు.

"తినేసిందే!" అన్నాడు రత్నకుమార్.

"నేను అన్ని రోజులు బతిమాలితే తినలేదు," అంది దేవకుమారి. ఆమెకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది.

ప్లేస్‌మెంట్ ముగించుకుని అబిగేయిల్ వచ్చేసరికి తోక కొస రాలిపోయి ఉంది. పామును చేతికి చుట్టుకుని ఆ మొద్దు చివరను వేలితో తడిమింది. తిడుతుందేమోనని తల్లి ఎదురుచూసింది. అబిగేయిల్ తిట్టలేదు.

"ఇట్స్ గ్రాండ్, మమ్మీ. యూ డిడ్ యువర్ బెస్ట్."

ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఆసుపత్రిలో రోగి దక్కనప్పుడు తను వాళ్ల బంధువులకు చెప్పే మాట అది.

"చెయ్యాల్సినదానికన్నా ఎక్కువే చేశాన్లే," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

గాల్వేకి బయల్దేరుతుంటే కారులో చలిగా ఉంటుందని వేడినీళ్ల సంచీ తువ్వాలులో చుట్టి డబ్బా కింద పెట్టబోయింది. అబిగేయిల్ దాన్ని తాకి చూసి, చిన్నగా పక్కకు తీసింది. "టూ హాట్, మమ్మీ."

దేవకుమారి ఆ సంచీ తీసుకుని, కారు కదలకముందే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.