ఎదురంగడి అరుగు మీద ఆయుధపూజ

2023 వానాకాలంలో, చెన్నైలో నేను పనిచేసే ఊపిరితిత్తుల విభాగానికి వాషర్‌మెన్‌పేట్ చింతపండు వ్యాపారి రంగయ్య శెట్టిగారు వచ్చారు. తీవ్రమైన ఫ్లూ. ఉబ్బసం కూడా ఉండటంతో స్టెరాయిడ్లు ఇచ్చాం. తేరుకున్నారు. ఇంటికి పంపుదామనుకుంటుండగా మళ్ళీ జ్వరం, కఫంలో నెత్తుటి చారలు.

బ్రాంకోస్కోపీ చేశాం, అంటే సన్నని గొట్టాన్ని ఊపిరితిత్తుల్లోకి దించి లోపల చూడటం. అక్కడ కడిగి తీసిన నీటిలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బయటపడింది.

"ఇది యాడనుంచి వచ్చె?" అన్నారాయన.

"గాలిలోంచి. మీ గోడౌన్ దుమ్ములో మరీ ఎక్కువ."

"పుట్టినప్పటినుంచీ పీలుస్తా ఉండే గాలి డాక్టరయ్యా! ఇన్నాళ్ళూ చేయనిది ఇప్పుడెట్ల చేసె?"

సరైన ప్రశ్నే. ఆ బూజు రేణువులను మనమందరం రోజూ పీలుస్తాం. మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వాటిని లోపలే మింగేస్తాయి. ఫ్లూ వైరస్ శ్వాసనాళాల పొరను దెబ్బతీసి, ఆ కణాలను మందగింపజేస్తుంది. ఇవ్వక తప్పని స్టెరాయిడ్లు వాటిని ఇంకా బలహీనపరుస్తాయి.

"ఒకప్పుడు మీ పేటలో ఉన్న మా తాతగారి బంగళా ఎరుగుదురు కదా," అన్నాను. "దొంగలు ఊళ్ళో ఎప్పుడూ ఉన్నారు. కావలివాళ్ళు మంచాన పడ్డాకే లోపలికొచ్చారు."

ఆయన నవ్వారు. "బంగళా పోయినా మీ మెడ మాత్రం వంగలేదు."

"మీదీ అంతే. అందుకే చెబుతున్నాను. బూజును చంపే ఈ మందు నెలల తరబడి వాడాలి. అది పూర్తయ్యేదాకా అంగడి గడప తొక్కొద్దు."

మందుకు జ్వరం తగ్గింది. ఇంటికి వెళ్ళే రోజున అసలు తగాదా మొదలైంది.

"ఆయుధపూజకు ఇంటి పెద్ద గల్లా దగ్గర కూర్చోకుంటే, అంగడి చేయి మారిందంటారు బజార్లో."

ఆయన భార్య మంగమ్మగారు ఊరుకోలేదు. "నువ్వే లేకుంటే ఆ గల్లా దగ్గర ఎవురు కూర్చుంటే నాకేంది?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను మందలించలేదు. బంగళా చేతులు మారాక మా తాతగారి కుర్చీలో వేరొకరు కూర్చోవడం నేను చూశాను.

"ఎదురంగడి అరుగు మీద కుర్చీ వేయించుకోండి," అన్నాను. "మాస్క్ తీయొద్దు. అంగడి లోపల హారతి మీ అమ్మాయి ఇస్తుంది. పెద్దవారు చూస్తుండగా జరిగితే చేయి మారినట్టెలా అవుతుంది?"

పండగ తర్వాత పరీక్షకు వచ్చారు. స్కాన్‌లో ఊపిరితిత్తిలోని బూజు మచ్చ సగానికి తగ్గింది.

"బజారంతా అరుగు దగ్గరికొచ్చి దండం పెట్టి పోయిరి," అన్నారు. "ఒకటి చెప్తా. ఇన్నేండ్లలో మా అంగడిని ఎదురుగా కూర్చోని చూసిందే లేదు. బోర్డు వంకరగా ఉండాది! ఒక్కడన్నా చెప్పలే."

వైరస్ తగ్గిందన్నంత మాత్రాన ఇప్పుడు నేను నిశ్చింతగా ఉండను. కావలివాళ్ళు లేచి నిలబడ్డారా అని చూస్తాను. వాళ్ళు లేచేదాకా రోగి తల ఎత్తుకుని కూర్చోగల చోటు వెతికిపెట్టడం కూడా వైద్యమేనని ఆ అరుగు నేర్పింది.