పాప్పమ్మాళ్ మబ్బులోకి వెళ్ళిన రోజు

పాప్పమ్మాళ్‌కి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఏళ్ళు తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో, ఇస్త్రీ బల్ల ముందు నిలబడే గడిచిపోయాయి. మొగుడు పోయాక కూతుర్ని ఒంటిచేత్తో చదివించి, పెళ్ళి చేసి పంపింది.

పోయిన ఏడాది వానాకాలంలో తిరుమంగళానికి బయల్దేరింది. తమ్ముడు ఆండియప్ప మనవరాలికి చెవులు కుట్టే వేడుక. అది ఎల్లుండి. దారిలో పళనిలో దిగి, స్వామిని చూసుకుని, పొద్దుగూకేలోపు తమ్ముడింటికి చేరాలనుకుంది.

దర్శనం తొందరగానే అయింది. బస్టాండు బయట నిలబడి ఉంటే, కూరగాయల మూటలు ఎక్కిస్తున్న ఒక జీపు పక్కనుంచి ఎవరో కేకేశారు.

“పాప్పక్కా! నువ్వేనా?”

జెబమలర్! ఇరవై ఏళ్ళ కిందట అదే కంపెనీలో పక్క బల్ల దగ్గర పనిచేసిన పిల్ల. ఇప్పుడు తల సగం నెరిసింది. పైన కొండల్లో, సోలై అని పిలిచే దట్టమైన అడవిని ఆనుకుని ఉన్న ఒక లాడ్జిలో వంట చేస్తోందట. సామాన్ల కోసం కిందికి దిగింది.

“రా అక్కా, కొండకి పోదాం. వానకి భయపడి ఈ వారం ఎవ్వురూ రాలేదు. రూములన్నీ ఖాళీ.”

“అయ్యో, ఎల్లుండి చెవికుట్టు. ఇంటి ఆడపడుచు లేకుంటే ఎట్ల?”

“ఎల్లుండి కదా! రేపు మధ్యాన్నం బస్సు నేనే ఎక్కిస్తా. ఇంత దగ్గరుండీ ఆ కొండ ఎక్కినావా నువ్వు?”

ఎక్కలేదు. “సరి, పోదాం పద” అనేసి, సంచీతో సహా మూటల మధ్య కూర్చున్నాక పాప్పమ్మాళ్‌కే ఆశ్చర్యమేసింది.

జీపు మలుపులు తిరుగుతూ ఎక్కింది. సగం దారిలో మబ్బు కమ్మేసింది. లాడ్జి ముందు ఆగితే గుమ్మం తప్ప ఇంకేమీ కనబడలేదు. మేనేజరు నరసింహన్ గొడుగుతో ఎదురొచ్చాడు. వీళ్ళిద్దరిలాగే ఆయన ఇంట్లోనూ తెలుగే.

“మా అక్క సార్” అంది జెబమలర్.

ఆయన చివరి గది తాళం తీయబోతే పాప్పమ్మాళ్ వెనక్కి తగ్గింది. “నాకెందుకయ్యా ఇంత గది! వంటింట్లో పడుకుంటా.”

“మనిషి లేకుంటే గది చెమ్మ పడుతుందమ్మా. మీరుంటే మాకే మేలు” అన్నాడాయన, ఆమె మొహమాటం పోగొట్టడానికి.

సాయంత్రం పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ పాప్పమ్మాళ్ మెల్లగా మణికట్టు చూపించింది. పాత మచ్చ.

“ఇది జ్ఞాపకముందా? ఆవిరికి చెయ్యి కాలి కట్టు కట్టుకుంటే, నేను ఒక చేత్తో ఊరికే మడతలు పెడుతూ నిలబడినాను. ఇరవై రోజులు నా బల్ల పని కూడా నువ్వే చేసినావు. మేస్త్రీకి తెలియనియ్యలేదు. ఆ పని పోయుంటే నా బిడ్డ బడి మానేసుండును. కట్టు విప్పినాక చూస్తే, నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినావు. నీకొక్క మంచి మాట చెప్పలేకపోతిని.”

జెబమలర్ ఆ మచ్చని పొయ్యి వెలుగులోకి తిప్పి చూసింది.

“నాకు జ్ఞాపకమే లేదక్కా.”

“నాకుంది, అమ్మే” అంది పాప్పమ్మాళ్. జెబమలర్ ఆ మచ్చ మీద చెయ్యి వేసి, పొయ్యిలో కట్టె ఎగదోసింది.

తెల్లారి ఇద్దరూ అడవిలోకి నడిచారు. మానులన్నిటికీ పచ్చటి నాచు, తడి తువ్వాలు చుట్టినట్టు. వాన లేదు. అయినా ప్రతి ఆకూ కారుతోంది.

“ఇది వాన కాదక్కా, మబ్బే. ఈ చెట్లు పట్టుకుని నీళ్ళు చేస్తాయి. కింద ఏట్లో పారేది ఇదే.”

పాప్పమ్మాళ్ నాచు మీద అరచేతులు ఆనించి, ఆ తడి మొహానికి పూసుకుంది. ఎవరికో తెలియదు గానీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తిరిగొచ్చేసరికి నరసింహన్ వరండాలో కాఫీ తెచ్చిపెట్టాడు. ఆమె నిలబడే గ్లాసు అందుకుంది.

“కూర్చోండమ్మా, తొందరేముంది?”

కూర్చుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

మధ్యాహ్నం జెబమలర్ ఆమెను కొండ దిగే వత్తలగుండు బస్సు ఎక్కించింది. అక్కడ బస్సు మారి, చీకటి పడేసరికి ఆమె తిరుమంగళం చేరింది.

మర్నాడు చెవులు కుట్టగానే పసిపిల్ల గుక్కపట్టింది. ఎవరెత్తుకున్నా ఊరుకోలేదు. పాప్పమ్మాళ్ ఒళ్ళోకి తీసుకుని జెబమలర్‌కి ఫోన్ చేసింది.

“అమ్మే, ఫోన్ ఒకసారి ఆ చెట్ల పక్కకి పట్టు.”

ఫోన్లోంచి టపటపా నీటి చుక్కలు రాలుతున్న చప్పుడు వచ్చింది. పిల్ల ఏడుపు ఆపి, ఎర్రబడ్డ చెవితో వింది. ఆండియప్ప కూడా వంగి విని, “ఏమక్కా అది?” అన్నాడు.

“మబ్బు” అంది పాప్పమ్మాళ్, నవ్వుతూ.